సూదులు లేని వైద్యం

మంగళవారం రాత్రి, సంచౌంగ్ పేట

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. అమ్మాయికి మామూలు మందులకు లొంగని టీబీ అని తేలినప్పటి నుంచి నాకు ఆ సూదుల భయమే. మా ఆయనకూ అప్పట్లో అదే జబ్బు. సూదులు ప్రాణం నిలిపి, రెండు చెవులూ తీసుకుపోయాయి.

ఈ రోజు డాక్టరమ్మ ఎంత తేలిగ్గా చెప్పేసిందో! ఇప్పుడు సూదులు లేవట, ఆరు నెలలు మాత్రలేనట. ఉజ్బెకిస్తాన్‌లోనూ ఇంకొన్ని దేశాల్లోనూ రోగులే ఒప్పుకుని ముందుగా మింగి చూశారట. ఎవరి బిడ్డలో ఏమో.

ఇంటికొచ్చేసరికి బాల్కనీలో తండ్రీ కూతుళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. ఆయన శబ్దం లేకుండా పెదాలు కదుపుతున్నాడు, మాస్కు పెట్టుకుని పిల్ల ఆ పెదాలనే చూస్తోంది.

"ఏటి చేస్తన్నారు?" అన్నాను. పిల్ల పలకలేదు. చెవుల్లో దూది! ఒక చెవిలోది లాగేశాను.

"సూదులేస్తే చెవులు పోతాయి కదమ్మా. పెదాలు చూసి మాట పట్టడం ముందే నేర్సుకోమన్నాడు నాన."

ఆయన ఎదుట నిలబడి మెల్లగా చెప్పాను. "సూదులు నేవు. దీని చెవులకేటీ అవదు."

నా పెదాలు తప్పు చదివాననుకున్నాడేమో, మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను. పిల్ల రెండో చెవిలో దూది తనే తీశాడు. తన గొంతు తనకు వినపడదు కదా, కింద టీకొట్టులో వాళ్లంతా తలెత్తి చూసేలా అడిగాడు.

"మరి నాకెందుకేసారే?"