తెల్ల దువ్వెనలో ఎరుపు

4 ఫిబ్రవరి 1988

మెషీన్ వదినకు ఇచ్చారు.

ఖేడ్ బస్టాండు వెనక ఈ షెడ్డులో మూడేళ్ళుగా దువ్వెనల అంచులు కోస్తున్నది నేను. కాశమ్మ వదిన మొన్న దీపావళి తర్వాత వచ్చింది, అదీ నేను మాట చెప్తేనే. సేటు బసవరాజ్ ఏమంటాడు, నీ చెయ్యి కత్తికి మంచిగున్నది హన్మమ్మా, హ్యాండిల్ గామెను గుంజనీ అంటాడు. కడుపు మండిపోయింది.

6 ఫిబ్రవరి

ఆమెకు స్టూలు కూడా వేశారు. నేను ఇంకా గోనెసంచి మీదే.

9 ఫిబ్రవరి

హీటరు వేడెక్కగానే వదిన పైన ప్లాస్టిక్ దానా పోస్తుంది. గింజలు కరిగాక హ్యాండిల్ లాగుతుంది. మోల్డ్ తెరిస్తే తెల్లటి దువ్వెన. ఇంతే కదా! మా కాశి మెషీన్ నడుపుతున్నది అని మా అన్న వాడకట్టంతా చెప్పుకుని వచ్చాడు. నేను నడిపితే చెప్పేవాడా?

11 ఫిబ్రవరి

చేసేశాను. వదిన నీళ్ళు తాగడానికి లేచినప్పుడు తెల్ల దానా మీద పిడికెడు ఎరుపు దానా పడేశాను. కలపలేదు. ఇక తీసిన ప్రతి దువ్వెనకూ ఎర్రటి చారలే. గిదేంది, సరుకంతా ఖరాబ్ చేసినవ్ అని సేటు అరిచాడు. వదిన ముఖం పాలిపోయింది. మెషీన్ ఇక నాదే.

15 ఫిబ్రవరి

పారేయలేక సేటు ఆ చారల దువ్వెనలను కల్హేర్ సంతకు తీసుకుపోయాడు. మధ్యాహ్నానికల్లా ఒక్కటీ మిగల్లేదట. ఆడవాళ్ళు ఎగబడ్డారట. ఇగ గా కాశమ్మ దువ్వెనలే చెయ్యాలె అన్నాడు.

కాశమ్మ దువ్వెనలు!

17 ఫిబ్రవరి

వదిన ఎరుపు బాగా కలిపి పోసింది. అన్నీ గులాబీ రంగులో వచ్చాయి. కలపకూడదు, పైన పడేయాలి. చెప్తే నీకెట్ల తెలుసు అంటారు. అంచులు కోస్తూ కూర్చున్నాను. రేపు గూడ చారలు రాకపోతే మెషీన్ దిగు అన్నాడు సేటు. వదిన కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను కోరుకున్నది ఇదే కదా, సంతోషం ఏది?

18 ఫిబ్రవరి

వదిన అటు తిరగగానే పిడికెడు పడేశాను. చారలు వచ్చాయి. సేటు చాయ్ తెప్పించాడు. మొదటి కప్పు ఆమెకు.

23 ఫిబ్రవరి

రోజూ వేస్తున్నాను. పేరు ఆమెది. నాలాంటి పిచ్చిది ఇంకొకతె ఉంటుందా? వదినను చూస్తే ఒళ్ళు మండుతుంది, చూడకుండా ఉండలేను.

26 ఫిబ్రవరి

పొద్దున వెళ్ళేసరికి నా గోనెసంచి దగ్గర ఆమె స్టూలు. దాని మీద గిన్నెడు ఎరుపు దానా. వదిన నా వైపు వీపు తిప్పి, నిలబడి హ్యాండిల్ లాగుతోంది.