మూడు చుక్కల కింది పేరాలు

ఈ వీలునామా నా సొంత రచన. దేనికీ అనువాదం కాదు, అనుకరణ కాదు, వేరే ఏ పత్రిక పరిశీలనలోనూ లేదు. నలభై ఒక్క ఏళ్లుగా పత్రికలకు కథలు పంపే ప్రతివాళ్ల రాత కిందా ఈ హామీ నేనే టైపు చేశాను. నా రాతకు మాత్రం ఎందుకు ఉండకూడదు?

పోస్టాఫీసు ఎదుట మెట్ల కింద గదిలో టైపు షాపు నడుపుతూ, వీధివాళ్లందరి చేతా టకటకమ్మ అని పిలిపించుకునే నేను, వయసు అరవై ఎనిమిది, పూర్తి స్పృహలో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా మిషను మీద నేనే కొట్టుకుని రాసిపెట్టిన వీలునామా ఇది. గుండె బలహీనంగా ఉందని డాక్టరు అన్నాడు. బుద్ధి బలహీనంగా ఉందని ఎవరూ అనలేదు. కడుపులో అసూయ పెట్టుకున్న మనిషికి మతి స్థిమితంగా ఉన్నట్టా లేనట్టా అని మేడ మీది ప్లీడరు గుమాస్తాను అడిగాను. “అసూయ లేనివాళ్లు వీలునామాలు ఎందుకు రాస్తారమ్మా” అన్నాడు. కొట్టివేతలు ఉండకూడదనీ, మనసు మారితే కింద కొత్త క్లాజు రాసి పైదాన్ని రద్దు చేసుకోవాలనీ కూడా ఆయనే చెప్పాడు. నా మనసు మారేది కాదని ఆయనకు అప్పుడే చెప్పేశాను.

1. ఈ వీలునామా అమలు జరిపించే బాధ్యత పై గుమాస్తాకూ, మా అక్క కూతురికీ కలిపి అప్పగిస్తున్నాను. ఆ పిల్లకు వాళ్లమ్మ పోలిక ముక్కు ఒక్కటే వచ్చింది. నోట్లో మాట నోట్లో దాచుకోదు. “పిన్నీ, నువ్వు ఉత్త మొండిదానివి” అని నా మొహం మీదే అంటుంది. అలాంటివాళ్లే ఇలాంటి పనికి పనికొస్తారు.

2. నా టైపు మిషను, దాని మూత, మిగిలిన రిబ్బన్లతో సహా, మిషన్లు బాగుచేసే మెకానిక్కుకు చెందాలి. దీంట్లో ‘ర’ అక్షరం కాస్త పైకి లేచి పడుతుంది. పాతికేళ్లుగా ఇదిగో అదిగో అంటూ బాగుచేయలేదు. ఇక తీరిగ్గా చేసుకోవచ్చు. ఆ ‘ర’ వల్లనే నా కొంప మునిగింది. నా జన్మకు అచ్చయిన రచన ఒక్కటే, ‘పాత కార్బను కాగితాన్ని పదిసార్లు వాడడం ఎలా’ అనే వ్యాసం. అది మా అక్క పేరుతో వచ్చింది! ఆవిడ కథలు కూడా ఈ మిషను మీదే కొట్టి పంపేదాన్ని కాబట్టి, లేచిపడిన ‘ర’ చూసి ఇది ఆవిడగారి దగ్గర నుంచి వచ్చిందే అనుకుని వారపత్రిక సబ్ఎడిటరు కింద ఆవిడ పేరు వేసి కూర్చున్నాడు. మరుసటి వారం చీమ తలకాయంత అక్షరాల్లో సవరణ వేశారు. అది చదివినదాన్ని లోకంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఏమిటో నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

3. ఆ వారపత్రికకు ముప్పై ఏళ్లు సంపాదకత్వం వహించి, ఇప్పుడు మా అక్క రచనల సమగ్ర సంపుటం వేస్తానని నా గుమ్మం చుట్టూ తిరుగుతున్న ఎడిటరుగారికి, నేను పంపగా తిరిగొచ్చిన పదకొండు కథలూ, వాటికి ఆయన గుండుసూదితో గుచ్చిన పదకొండు చీటీలూ చెందాలి. చీటీలన్నిటిలోనూ ఒకటే ముక్క: “ముగింపు బాగుంది. దానికి తగ్గ కథ లేదు.” అయ్యా, అది నిజమేనని నాకూ తెలుసు. తెలిసింది కాబట్టే మా అక్కను చూస్తే నాకు కళ్లలో నిప్పులు పోసుకున్నట్టు ఉండేది.

4. నా పెద్ద గొడుగు మా వీధి పాత పోస్ట్‌మాన్‌కు. తిరిగొచ్చిన నా కథల కవర్లను ఆయన ఎప్పుడూ అడ్రసు వైపు కిందికి తిప్పి, కరెంటు బిల్లుల మధ్య పెట్టి ఇచ్చేవాడు, టైపుకొచ్చినవాళ్ల కంట పడకూడదని. ఒక్కనాడూ ఆ సంగతి మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు గానీ ప్రతిసారీ గమనించాను.

5. ఇక అసలు ఆస్తికి వస్తాను. మా అక్క చేతిరాత ప్రతులు, కథలు ముప్పై ఎనిమిది, వ్యాసాలు పంతొమ్మిది, రెండు రేకు పెట్టెల్లో నా షాపు అటక మీద ఉన్నాయి.

మా అక్క నాకంటే ఐదేళ్లు పెద్దది. పోయి రెండేళ్లయింది. పేరున్న రచయిత్రి. దస్తూరి మాత్రం కోడి కెలికినట్టుండేది. పత్రికలవాళ్లు చదవలేక తిప్పికొడుతుంటే, నేనే కూడబలుక్కుని చదివి టైపు చేసి పంపేదాన్ని. కథ ఎత్తుకోవడంలో ఆవిడను మించినవాళ్లు లేరు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు పొద్దుటి నుంచీ పట్టింది. కానీ చివరికొచ్చేసరికి ఒక నీతి పేరా తగిలించేది, “కాబట్టి సహనమే మనిషికి సంపద” అంటూ, బడిపుస్తకంలోలాగా.

ఏడో కథప్పుడు జరిగింది. టైపులో ఆరు పేజీలు మించరాదని పత్రిక నియమం. ఆరో పేజీ అడుగుకొచ్చేసరికి నీతి పేరా ఇంకా మిగిలే ఉంది. పీడా పోయిందనుకుని అక్కడికి ఆపి, కవరులో పెట్టి పోస్టు చేశాను. కథ అచ్చయింది. ముగింపు గుండెల మీద గుద్దినట్టుందని పాఠకులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. అక్క ఆ సంచిక పట్టుకుని షాపుకొచ్చింది. నా పక్కన స్టూలు మీద కూర్చుని ఆఖరి పేజీ రెండుసార్లు చదివింది. “రిబ్బను మార్చావా బుల్లీ, అక్షరాలు బాగా పడ్డాయి” అంది. అచ్చయిన పత్రికకూ నా రిబ్బనుకూ ఏం సంబంధం? నిమ్మకు నీరెత్తినట్టు లేచి వెళ్లిపోయింది.

ఆ తరవాతి కథ నుంచి ఆఖరి పేరాకు ముందు మూడు చుక్కలు పెట్టి తేవడం మొదలుపెట్టింది. ఇక్కడ కొయ్యి అని నాకు గుర్తన్నమాట, తన చేత్తో కోసుకోవడానికి నామోషీ అన్నమాట, అనుకున్నాను. చుక్కలు కనబడగానే మిషనులోంచి కాగితం లాగేసేదాన్ని. కింద ఏం రాసిందో ఏనాడూ చదవలేదు. ఆ దస్తూరిలో ఒక పేరా చదవాలంటే అరగంట పని, నీతి కోసం అరగంట ఎవరు పోస్తారు? ఒక్కోసారి చుక్కలకు పైన కూడా రెండు మూడు వాక్యాలు వదిలేసి, ఎక్కడ ఆపితే బాగుంటుందో అక్కడే ఆపేదాన్ని. ముప్పై రెండు కథలు అలా ముగించాను. మా ఇద్దరిలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

తరవాత ఆవిడ కథ ఒకదానికి బహుమతి వచ్చింది. సభలో మూడో వరసలో కూర్చున్నాను. ఎడిటరుగారు మైకు పట్టుకుని, చెప్పకుండా వదిలేసే విద్య ఈమె దగ్గర నేర్చుకోవాలి అన్నారు. అక్క తల వంచుకుంది. తన వంతు రాగానే “మా చెల్లెలు కూడా వచ్చింది, నా కథలన్నీ తనే టైపు చేస్తుంది” అంది. టైపు చేస్తుందట! అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

చచ్చినవాళ్ల కళ్లు చారెడంటారు. పోయాక ఆవిడ మరీ గొప్పదైపోయింది. వ్యాసాల మీద వ్యాసాలు, అన్నీ ఆ ముగింపుల మీదే. కాబట్టి నా తదనంతరం ఆ చేతిరాత ప్రతులన్నీ సర్వహక్కులతో ఎడిటరుగారికి దఖలు పరుస్తున్నాను. ఒక్కటే షరతు. సంపుటంలో ప్రతి కథ చివరా నేను తీసేసిన పేరాను కూడా ఉన్నదున్నట్టు అచ్చు వేయాలి. ఆవిడ ఎక్కడ ముగించిందో, నేను ఎక్కడ ముగించానో లోకం పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఈ క్లాజు విషయంలో నాకు ఏ పశ్చాత్తాపమూ లేదు.

6. పై ఐదు క్లాజులూ సోమవారం టైపు చేసినవి. “పేరాలు అంటే చాలదమ్మా, ఒక్కోదాని మొదటి వాక్యం, ఆఖరి వాక్యం షెడ్యూలులో చూపించాలి, రేపు ఎవరూ పేచీ పెట్టకుండా” అన్నాడు గుమాస్తా. మంగళవారం పొద్దున పెట్టెలు దింపించి, కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాను. నిజం ఒప్పుకుంటున్నాను, ఉత్సాహంగానే కూర్చున్నాను.

ఏడోదాని నీతి షెడ్యూలులో ఎక్కించి, ఎనిమిదో కథ తీశాను. చుక్కల కింద నీతి లేదు. కథ కూడా లేదు. ‘బుల్లీ’ అని ఉంది.

“బుల్లీ, ఇది నువ్వు ఎలాగూ కొట్టేస్తావు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. మొన్న నువ్వు ఆపిన చోటు నాకు వెయ్యేళ్లకీ తట్టేది కాదే. స్టూలు మీద కూర్చుని చెబుదామనే వచ్చా. నోరు రాలేదు. పెద్దదాన్ని కదా.”

తొమ్మిదోది: “చదివావా? చదివితే పైన ఎక్కడైనా ఒక అక్షరం తప్పు కొట్టు. నాకు అర్థమవుతుంది.” పదోది: “కార్బను కాపీ అంతా వెతికా, ఒక్క తప్పు కూడా లేదు. కోపం తగ్గలేదన్నమాట.” నా టైపులో తప్పు పట్టినవాడికి బహుమానం ఇస్తానని గోడ మీద బోర్డు పెట్టుకున్నదాన్ని నేను.

పదహారోది: “నీ వ్యాసం కింద నా పేరు వేసినందుకు ఆ సబ్ఎడిటర్ని వాళ్లాఫీసులోనే నిలబెట్టి కడిగేశా. సవరణ పెద్దక్షరాల్లో వెయ్యమన్నా. విన్నాడు కాదు, వెధవ. కార్బను కాగితం మీద రాసి కూడా నవ్వించావే!”

ఇరవై రెండోది: “ఉత్తరాలొచ్చిన రోజున నేను నవ్వుతూ కూర్చుంటా చూడు, లోపల కుళ్లి చస్తూ ఉంటా. అన్నీ ఆ ఆఖరి వాక్యాలకే. అవి నీవి. నాకు నీ మీద ఎంత కుళ్లో నీకు తెలీదు.”

ముప్పై ఒక్క పేరాలు. మూడు రోజులుగా చదువుతున్నాను. దస్తూరి పోను పోను ఇంకా పాడైంది. ఒక్కదాంట్లో కూడా నీతి లేదు.

నోరు పడిపోయిందా అక్కా నీకు? నా పక్కనే కదే కూర్చున్నావు, మూర అవతల! అంతమంది పాఠకులకు అర్థమయ్యేట్టు రాసినదానివి, ఒక్క చెల్లెలికి ఒక్క మాట చెప్పలేకపోయావా? నేను మాత్రం ఏం తక్కువ తిన్నానులే. నువ్వు తెచ్చిన కాగితాన్ని చివరంటా చదవనిదాన్ని. ఇంకో మాట కూడా చెప్పాలి, నాకు ఇప్పటికీ కడుపు మంటగానే ఉంది. నీ మొత్తం రచనల్లో ఈ పేరాలే బాగున్నాయి. వీటిలో ఒక్క అక్షరం కూడా నేను తీసేదాన్ని కాను.

7. పై అయిదో క్లాజు ఇందుమూలంగా పూర్తిగా రద్దు. రెండు పెట్టెలూ, నా పక్కన ఉండే స్టూలూ మా అక్క కూతురికి చెందాలి. చుక్కల కింది పేరాలు అచ్చు వేయడానికి వీల్లేదు. అవి నాకు వచ్చినవి. ఆ పిల్ల చదువుకోవచ్చు, ఏడిస్తే ఏడవొచ్చు, ఎవరికీ చూపించకూడదు. ఎడిటరుగారికి నా పదకొండు కథలు ఇవ్వాల్సిందే, అందులో మార్పు లేదు.

8. ఆ పేరాల్లో ఒక్కదానికి మాత్రం పై నిషేధం వర్తించదు. అది బహుమతి వచ్చిన కథ చివర ఉంది. ఆ కథ నేను టైపు చేసి పంపిన నాలుగు నెలలకు సభ జరిగింది. చుక్కలు చూడగానే ఎప్పటిలాగే కాగితం లాగేశాను. తరవాత పదిహేడేళ్లు అక్క బతికే ఉంది, వారానికి రెండుసార్లు షాపుకు వచ్చేది, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆ పేరాలో అడిగినదానికి నేను, పూర్తి స్పృహతో, ఇందుమూలంగా నా సమ్మతి తెలియజేస్తున్నాను. సంపుటం అట్ట మీద అది అమలు కావాలి. సమ్మతి ఎలా తెలియజేయాలో అక్కే రాసింది కాబట్టి, అలాగే చేస్తున్నాను. పేరా పూర్తి పాఠం ఇది:

“బుల్లీ, ఈ కథ నా ఒక్కదానిదీ కాదు. ముందువి కూడా కాదు. ఇక నుంచి ఇద్దరి పేర్లూ వేయమని ఎడిటరుగారికి ఉత్తరం రాసి ఉంచా, నువ్వు ఊ అంటే పోస్టు చేస్తా. ఊ అనక్కర్లేదు, నీకు నోటితో చెప్పడం రాదు, నాలాగే. ఇష్టమైతే ఈ పేరా కూడా టైపు చెయ్యి, చాలు. ఇష్టం లేకపోతే ఎప్పటిలాగే కొట్టెయ్. నేనేమీ అనుకోను. ఒట్టు, మళ్లీ అడగను.”

తేదీ: 11-03-2010, గురువారం, మధ్యాహ్నం

సంతకం: బుల్లి
(వీధిలో టకటకమ్మ)

సాక్షులు:
1. పక్క జిరాక్సు షాపు ఆవిడ (సంతకం)
2. వారపత్రికలో కంపోజిటరుగా చేసి రిటైరైన పెద్దాయన (సంతకం)