కిరణ్ పేరిట అర్చన

జూన్ 8, 2013, శనివారం

అంతర్జాతీయ టెస్ట్ మ్యాచ్‌కి అమెరికా రగ్బీ జట్టును రేపు ప్రకటిస్తారు. సాయంత్రం గుడిలో అందరిదీ అదే చర్చ. "మన కిరణ్‌ని కాకపోతే ఇంకెవర్ని తీసుకుంటారండీ," అన్నారు ప్రసాద్ గారు.

నిన్న నా క్లినిక్‌లో కిరణ్ మెడ స్కాన్ చూశాను. ఇంకో గట్టి దెబ్బ తగిలితే కాళ్లూ చేతులూ పడిపోవచ్చని వాడికి చెప్పాను. "అమ్మకి చెప్పకండి ఆంటీ, ప్లీజ్. కోచ్‌కి నేనే చెప్తాను," అన్నాడు. చెప్పాడో లేదో. పేషెంట్ విషయం నేను బయటపెట్టకూడదు.

వాడు సెలెక్ట్ అవ్వాలని వాళ్లమ్మ అర్చన చేయించింది. పూజారి వాడి గోత్రం, పేరు చదువుతుంటే నేనూ ఆమె పక్కనే చేతులు జోడించి, వాడి పేరు లిస్టులో ఉండకూడదని మొక్కుకున్నాను.

తీర్థం తీసుకుంటూ ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు కూడా మొక్కావుగా. నాకిక భయం లేదు," అంది.