మంచులో ఇరుక్కున్న బావగారికి

కెప్టెన్ బావగారికి, మీ మరదలు నవ్వాపుకుని రాస్తున్నది.

అంత పెద్ద ఓడని అంత చక్కగా మంచులో ఇరికించినందుకు అభినందనలు. ధ్రువసముద్రంలో మీ దారి మూసుకుపోతోందని సోమవారమే మా ఆఫీసు ఉపగ్రహం తీసిన చిత్రం పంపాను. "మరదలు పిల్లా, గదిలో కూర్చుని బొమ్మలు చూసుకో, సముద్రం సంగతి నాకొదిలెయ్" అన్నారు. వదిలేశాను. సముద్రమే మిమ్మల్ని వదల్లేదు.

ఇప్పుడు ఆ బొమ్మల్లో మీరూ ఉన్నారు. మా ఉపగ్రహంలోని రాడార్‌కి మబ్బులు అడ్డం కావు కాబట్టి, మంచు మధ్య మెరిసే చుక్కలా ముద్దుగా కనిపిస్తున్నారు. ఆఫీసులో అందరికీ "మా బావగారే" అని గర్వంగా చూపిస్తున్నాను.

అక్క పదేపదే ఫోన్ చేస్తోంది. వాతావరణం బాగోలేక ఆగారని చెప్పాను. మీ పరువు కాపాడదామని కాదు, తనకిప్పుడు ఏడో నెల.

రేపు గాలి తిరుగుతుంది. మీకు తూర్పున మంచు చీలడం మొదలైంది, కొత్త చిత్రం జత చేశాను. తమరి అనుభవాన్ని కాసేపు పడుకోబెట్టి, దయచేసి అటే కదలండి. ఓడలో మీతో పాటు సిబ్బంది కూడా ఉన్నారు.

బయటపడగానే నాకు థాంక్స్ చెప్పక్కర్లేదు, ముందు అక్కకి ఫోన్ చేయండి. మా ఉపగ్రహం ఎంత దూరమైనా చూస్తుంది కానీ, మీ గొంతు వినిపించడం దానికి చేతకాదు.

మీ ఏకైక మరదలు