బెల్లు లేని సైకిలు

ప్రొద్దుటూరు, 12-3-91

అమ్మా, నాకేమీ కాలేదు. ముందు ఈ మాట చదివించుకో.

గొర్రెలకు సూదులు వేయడానికి రోడ్డు మీద పోవడం మానేశాను. కొండదారిన పోయేటట్టు లాల్ బాషా అంగట్లో గేర్ల సైకిలు చేయిస్తున్నాను. లావుపాటి టైర్లు మద్రాసు నుంచి తెప్పించాడు. ఏ పార్టీ రంగూ కాకుండా మట్టిరంగు వేయమన్నాను. అన్నిటికీ సరేనన్నాడు గాని, బెల్లు వద్దంటే పని ఆపి నన్ను చూశాడు.

"బెల్లు లేకుంటే ఎట్లప్పా? మనిషి వచ్చినట్టు ఇంట్లోవాళ్లకు ఎట్ల తెలుస్తాది?" అన్నాడు.

వద్దంటే వద్దన్నాను. పోయిన ఎలక్షన్లప్పుడు వాగు మలుపులో నాయన బెల్లు కొడితే నువ్వు స్నానానికి నీళ్లు పెట్టావు. కంపచెట్ల వెనక కొడవళ్లతో కాచుకున్నవాళ్లకూ ఆ బెల్లే ఆనవాలైంది. ఆ నీళ్లతోనే ఆయనను కడిగాము.

మచ్చల గొర్రె ఈనిందా? నీ మోకాలి నొప్పికి మందు తెస్తాను. సుంకులమ్మత్తకు నా దండాలు చెప్పు. ఈ కార్డు నలుగురి చేతులు మారి వస్తుంది, అందుకే ఏ రోజు, ఏ పూట వస్తానో రాయడం లేదు. నువ్వు బెల్లు కోసం చెవులు రిక్కించుకుని కూర్చోవద్దు. నీళ్లు నేను గడప దాటి లోపలికి వచ్చినాక పెట్టు.

నీ కొడుకు,
సిద్దయ్య