ప్రివెంట్ అంటే ముందుగాల వచ్చుడు

మంగళవారం రాత్రి, కాశిబుగ్గ

తెగిన పోగు జల్ది అతకాలని మా ఆయన పవర్‌లూమ్ బెల్టుల చెయ్యి పడకుండ అడ్డం ఉండే ఇనుప జాలీ తీసి గోడకు ఆనిచ్చిండు. ఇయ్యాల నేను అన్నానికి పిలువబోయేసరికి ఆయన అంగీ కొస బెల్టుల చిక్కింది. బట్ట చినిగింది కాబట్టి చెయ్యి మిగిలింది.

"ఏం గాలే, ఫికర్ జెయ్యకు" అని నవ్విండు. ఆ నవ్వుకే నాకు ఎక్కువ భయమైంది.

సాయంత్రం బిడ్డ ఇంగ్లీషు చదువుకుంట చెప్పింది. ప్రివెంట్ అంటే ఆపుడట. అది పుట్టిన లాటిన్ భాషల మాత్రం 'ముందుగాల వచ్చుడు' అని అర్థమట.

"దేనికంటే ముందుగాల, అమ్మా?"



రేపు పొద్దుగాల ఆయన కంటే ముందు లేచి జాలీ బిగిస్త. ఆయన మళ్ల తీస్తడు. రోజూ ఆయన కంటే ముందు లేవొచ్చు. ఆ బెల్టు ఆయనను పట్టేకంటే ముందు ఎట్ల రావాలె...