అమ్మ ఒరిజినల్

మార్చి 3, సోమవారం

చెల్లి లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చింది. ఇంకా చెప్పులైనా విప్పకుండానే, అక్కా నీకిప్పుడు కావలసింది పర్సనల్ బ్రాండింగ్ అంది. నాకు కావలసింది పని అన్నాను. రెండూ ఒకటేనట.

నాకు యాభై ఒకటి. ఇరవై రెండేళ్లు స్టూడియోలో రీటచింగ్ చేశాను. మొటిమలు, మచ్చలు, కళ్లకింద నలుపు, డబుల్ చిన్, అన్నీ తీసేసేదాన్ని. ఇప్పుడా పని ఫోన్ ఒక్క నొక్కుతో చేస్తోంది. నాలుగు నెలల క్రితం స్టూడియో మూసేశారు. పదకొండు చోట్లకు అప్లై చేశాను. తొమ్మిది చోట్ల జవాబే లేదు. రెండు చోట్ల థాంక్యూ అన్నారు.

మిగిలింది ఒక్కటే. పాడైపోయిన పాత ఫొటోలను బాగుచేసే ఏజెన్సీ. ఫ్రీలాన్సర్లను తీసుకుంటోంది. పద్దెనిమిదో తేదీ సాయంత్రం అయిదులోగా ప్రొఫైల్ పంపాలి. మంచి ఫొటోలు మూడు, మన గురించి ఒక పేజీ, ఆపైన మన సొంత ముఖానికే బిఫోర్, ఆఫ్టర్. దొంగ శాంపిల్స్ ఎక్కువయ్యాయట, వేరేవాళ్ల ముఖాలు ఒప్పుకోరట.

బ్రాండ్‌కి మూడు మాటలుండాలట. నమ్మకం, అనుభవం, ఆప్యాయత అని చెల్లి టైప్ చేసింది. నన్నడిగితే కళ్లజోడు, నడుంనొప్పి, నోటిదురుసు అనేదాన్ని. అడగలేదు.

మార్చి 4

ఏ ముఖం పెట్టుకుని ఫొటో దిగను?

మార్చి 6, గురువారం

మూడు డ్రెస్సులు కావాలట. బీరువాలోవన్నీ మంచం మీద పరిచి చెల్లి ఒక్కొక్కటే పక్కన పడేసింది. ఇది అలసిపోయినట్టుంది అంది. ఇది ఓడిపోయినట్టుంది అంది. అవి బట్టలేనే, నేను కాదు అందామనుకున్నాను. చివరికి తన నీలం జాకెట్ నాకు తొడిగింది. నీలమంటే ట్రస్ట్ అట. భుజాల దగ్గర బిగుతు.

కళ్లజోడు మాత్రం ఉంచమంది. ముందుకు పడే జుట్టూ, జోడూ ఉంటేనే నేను నేనట.

అది వెళ్లాక బాత్రూమ్ అద్దం ముందు నిలబడ్డాను. అలవాటు చొప్పున కరెక్షన్లు లెక్కపెట్టాను. ముప్ఫై నాలుగు. కస్టమర్ ముఖమైతే గంట పని. పైన పటారం, లోన లొటారం అంటారు. నాకు పైన కూడా లేదు.

మార్చి 8, శనివారం

ఫ్లాష్‌కి ఫోన్ చేశాను. మా స్టూడియో ఫొటోగ్రాఫర్. అతని ఫ్లాష్ దెబ్బకు ప్రతి పెళ్లిఫొటోలోనూ ఎవరో ఒకరు కళ్లు మూసేవారు, తెరిచేదాన్ని నేను. ఇప్పుడు ఇంట్లో ముందుగదిలో పాస్‌పోర్ట్ ఫొటోలు తీసుకుంటున్నాడు. విషయం చెప్తే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. వచ్చే శనివారం పదింటికి రమ్మన్నాడు, అప్పుడే తన కిటికీలో మంచి వెలుతురట. బిఫోర్ ఫొటో ముందు తీద్దాం, ముఖం కడుక్కుని రా చాలు అన్నాడు.

మార్చి 9, ఆదివారం

చెల్లి నా గురించి పేజీ రాసుకొచ్చింది. మొదటి వాక్యం: మా అమ్మ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్ల మీద మరకలు తీసేది, నేను ముఖాల మీద మరకలు తీస్తాను. చదివి దానికే కళ్లు తడిశాయి. సిగ్గు విడిచి చెప్పాలంటే నాకూ నచ్చింది.

ఆ వాక్యం పక్కన అమ్మ ఫొటో పెడుతుందట. గోడ మీదున్నది కాదట, ఒరిజినల్ కావాలట. ఇరవై రెండేళ్ల క్రితం లాండ్రీ గుర్తింపు కార్డు కోసం మా స్టూడియోలోనే తీయించుకున్న బ్లాక్ అండ్ వైట్. గోడ మీదున్నది ఎవరో సినిమా హీరోయిన్‌లా ఉంది, నా కూతురికి అమ్మమ్మని అలాగా చూపించేది అంది.

మూడేళ్ల క్రితం అమ్మ పోయినప్పుడు చెల్లికి తొమ్మిదో నెల. మంచం దిగొద్దన్నారు. చివరిచూపు దక్కలేదు. ఆ సంగతి అది ఎప్పుడూ ఎత్తదు. ఇవాళ కూడా ఎత్తలేదు. ఫొటో మాత్రం అడిగింది.

హార్డ్ డిస్క్‌లో ఉంటుంది, వెతుకుతాలే అన్నాను.

మార్చి 10

పాత డిస్క్‌లో లేదు. ఇంకా పాత డిస్క్‌లో లేదు.

మార్చి 11, మంగళవారం, మధ్యాహ్నం

రెండ్రోజులుగా వెతుకుతున్నట్టు నటిస్తున్నాను. ఎవరి ముందని? ఇంట్లో నేనొక్కదాన్నే. లేదని నాకు తెలుసు. మూడేళ్లుగా తెలుసు.

అమ్మ పోయిన మర్నాడు, వచ్చేవాళ్లకు కనబడేలా ముందుగదిలో ఒక ఫొటో పెట్టాలన్నారు. కంప్యూటర్లో అమ్మ కార్డు ఫొటో స్కాన్ తెరిచి కూర్చున్నాను. ఏడుపు రాలేదు. చేతులు పని అడిగాయి. కనుబొమల మధ్య నిలువు గాడి తీశాను. గడ్డం కింద ఆవిరి కాల్చిన మచ్చ తీశాను. ఎడమవైపుకు దిగే పెదవిని సరిచేశాను. ఎంత చేస్తే అంత దగ్గరవుతున్నట్టుండేది. ఆరు గంటలు చేసి సేవ్ నొక్కాను.

సేవ్ యాజ్ కాదు. సేవ్. పాతదాని మీదే.

కొత్తగా పనిలో చేరినవాళ్లకు మొదటిరోజు నేను చెప్పే మొదటి మాట, ముందు కాపీ, తర్వాతే చెయ్యి. ఒకమ్మాయి మర్చిపోతే రోజంతా తిట్టాను.

అమ్మ కార్డు ఎప్పుడో ఆసుపత్రివాళ్లు వెనక్కి తీసుకున్నారు. పోనీ వేరే ఫొటోలున్నాయా అంటే, మా ఇంట్లో ఫొటోలన్నీ నా చేతిమీదుగానే వెళ్లాయి. బాగుచేసి అందరికీ పంపేదాన్ని. జాగా చాలదని ఒరిజినల్స్ డిలీట్ చేసేదాన్ని. అందరూ మెచ్చుకునేవారు. అమ్మ ఒక్కతే, ఈ నున్నటావిడ ఎవరే అనేది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అమ్మ ముఖం నేనే చెరిపేశాను. నీటుగా, ఎక్కడా అతుకు కనపడకుండా.

మార్చి 13, గురువారం

చెల్లి రెండుసార్లు ఫోన్ చేసింది. దొరికిందా అంది. ఇంకో డిస్క్ చూడాలన్నాను. నువ్వేదీ పారేసే మనిషివి కాదులే అక్కా అంది. ఫోన్ పెట్టేశాక సోఫాలో అలాగే కూర్చుండిపోయాను. చెప్పేస్తే? రెండోసారి చివరిచూపు లేకుండా చేసినదాన్నవుతాను.

మార్చి 15, శనివారం, ఉదయం 8

నీలం జాకెట్ ఇస్త్రీ చేశాను. వెళ్లాలని లేదు.

సాయంత్రం 4

ఫ్లాష్ నన్ను కిటికీ పక్కన స్టూల్ మీద కూర్చోబెట్టాడు. అద్దాల్లో కిటికీ మెరుస్తోందని జోడు తీయించాడు. నీడ పడుతోందని జుట్టు గట్టిగా వెనక్కి దువ్వుకోమన్నాడు. వెలుతురు చూసుకోవడానికి ముందొకటి బ్లాక్ అండ్ వైట్‌లో తీస్తానన్నాడు, పాత అలవాటు. జోడు లేక కళ్లు చికిలించాను. చెల్లికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. క్లిక్ మంది.

తను మానిటర్ నా వైపు తిప్పాడు. లేచి దగ్గరికెళ్లి చూశాను.

అమ్మ. కనుబొమల మధ్య గాడి. ఎడమవైపుకు దిగిన పెదవి. గడ్డం కింద మచ్చ ఒక్కటే లేదు.

అమ్మ ఫొటో నెగెటివ్ ఉందా అని అడిగాను. స్టూడియో ఖాళీ చేసిన రోజు పెట్టెలన్నీ చెత్తబండిలో పోయాయన్నాడు. నాకు తెలిసిందే, అయినా అడిగాను. అమ్మ ఫొటో తీసిన రోజు అతనికి బాగా గుర్తుందట. కాస్త నునుపు చేయమంటారా అమ్మా అంటే, వద్దు నాయనా, గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టొద్దూ అందట.

తర్వాత మేకప్, జోడు, జాకెట్. నలభై ఫొటోలు తీశాడు. అన్నిట్లో నమ్మకం, అనుభవం, ఆప్యాయత. ఒక్కటీ చూడబుద్ధి కాలేదు.

మార్చి 16, ఆదివారం

బిఫోర్ రెడీ, ఆ బ్లాక్ అండ్ వైట్‌దే. ఆఫ్టర్ చేయాలి.

ఈసారి ముందే మూడు కాపీలు తీసి మూడుచోట్ల పెట్టాను. అయినా బ్రష్ ఆ గాడి మీదకి తెచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. నునుపైతే పని దొరకొచ్చు. పని లేకపోతే నేనేమిటో నాకు తెలియదు. పదింటి నుంచి రెండింటి దాకా కూర్చున్నాను. ఒక్క పిక్సెల్ తీయలేకపోయాను. చివరికి అదే చెయ్యి, నా గడ్డం కింద అమ్మ మచ్చ పెట్టింది. ఎందుకు పెట్టిందో అడగకు.

మార్చి 17, సోమవారం

చెల్లి చెప్పకుండా వచ్చింది. నేను టీ పెడుతున్నాను. గదిలోంచి చప్పుడు లేదు. వెళ్లేసరికి నా కంప్యూటర్ ముందు నేలమీద కూలబడి ఏడుస్తోంది. తెర మీద అదే ఫొటో.

ఎక్కడ దొరికింది అక్కా అంది.

అది మూడేళ్లు దాచుకున్న ఏడుపు. కుక్కర్ ఈల వేసినట్టు వచ్చింది. మచ్చ మీద వేలు పెట్టి, ఇదిగో ఇదీ మర్చిపోయానే అని ఏడ్చింది.  

ఇంకా పాత డిస్క్‌లో అన్నాను.

మార్చి 18, మంగళవారం, సాయంత్రం 5.10

ప్రొఫైల్ పంపలేదు. పంపితే బిఫోర్ కింద ఎవరి పేరుందో చెల్లి చదువుతుంది. నెట్ పోయిందని చెప్పాను.

గోడ మీద ఫొటో మార్చాం. చెల్లి మేకు పట్టుకుంది, నేను కొట్టాను. ఇప్పుడు అచ్చం అమ్మే అంది.

ఇకమీదట జుట్టు వెనక్కి దువ్వుకోకూడదు.